ఏఎస్ నంబర్‌ను ఎలా రాయాలి, రౌటర్‌లో ఎలా పెట్టాలి: శ్రీకాకుళం, విజయనగరం చిన్న నెట్‌వర్క్‌ల కోసం సమగ్ర మార్గదర్శి

మన రెండు జిల్లాల్లో కేబుల్ టీవీతో మొదలై ఇప్పుడు ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్న చిన్న ఆపరేటర్లు చాలామంది ఉన్నారు. క్యాంపస్ నెట్‌వర్క్ నడిపే కాలేజీలూ ఉన్నాయి. ఏదో ఒక రోజు వీళ్ళకి ఒకే అప్‌స్ట్రీమ్ (మనకి ఇంటర్నెట్ ఇచ్చే పై ప్రొవైడర్) మీద ఆధారపడటం సరిపోదనిపిస్తుంది. అప్పుడే ఏఎస్ నంబర్, బీజీపీ అనే మాటలు మొదలవుతాయి. నంబర్ తెచ్చుకోవడం వరకు ఎవరో ఒకరు చేసిపెడతారు. దాన్ని ఏ రూపంలో రాయాలి, రౌటర్‌లో ఎలా పెట్టాలి, ఫిల్టర్లలో, రిజిస్ట్రీలో, ఆఫీసు ఫైళ్ళలో ఎలా నమోదు చేయాలి అన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. ఈ వ్యాసం దాని గురించే.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో పలికినట్టే రాశాను. రౌటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి. ఉదాహరణల్లో వాడిన ఏఎస్ నంబర్లు, ఐపీలు పుస్తకాల కోసం, పాఠాల కోసం ప్రత్యేకంగా పక్కన పెట్టినవి. మీ లైవ్ రౌటర్‌లో వాటిని యథాతథంగా పెట్టకండి.

మొదట: మీకు సొంత నంబర్ అవసరమేనా?

ఏఎస్, అంటే అటానమస్ సిస్టమ్, ఒకే యాజమాన్యం కింద, బయటి ప్రపంచానికి ఒకే రౌటింగ్ విధానంతో కనిపించే నెట్‌వర్క్. అలాంటి ప్రతి నెట్‌వర్క్‌కూ ప్రపంచంలో ఇంకెవరికీ లేని నంబర్ ఒకటి ఉంటుంది. గూగుల్‌ది 15169, బీఎస్ఎన్ఎల్‌ది 9829, జియోది 55836, క్లౌడ్‌ఫ్లేర్‌ది 13335. ఈ నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే భాష బీజీపీ. అది టీసీపీ 179వ పోర్టు మీద నడుస్తుంది.

మీకు ఒకే అప్‌స్ట్రీమ్ ఉండి, ఐపీలు కూడా వాళ్ళే ఇస్తుంటే సొంత నంబర్ అక్కర్లేదు. ఒక స్టాటిక్ డిఫాల్ట్ రూట్ చాలు. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1930 (ఇంటర్నెట్ ప్రమాణాలు, పద్ధతులు రాసే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) కూడా ఇదే చెబుతుంది: మీ రౌటింగ్ విధానం మీ అప్‌స్ట్రీమ్ విధానానికి భిన్నంగా లేకపోతే వేరే ఏఎస్ ఎందుకు? ఇద్దరు వేర్వేరు అప్‌స్ట్రీమ్‌ల నుంచి కనెక్షన్ తీసుకుని, ఒకరు పడిపోతే రెండోవారి మీద అవే ఐపీలతో నడవాలనుకున్నప్పుడే నంబర్ కావాలి.

మన ప్రాంతంలో ఈ అవసరం ఊహలో పుట్టింది కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వేలల్లో నేలకూలాయి. వాటి మీద వేలాడే ఫైబర్ కూడా వాటితోపాటే పోతుంది. కాబట్టి రెండు అప్‌స్ట్రీమ్‌లు తీసుకునే ముందు రెండు ఫైబర్లూ ఏ దారిలో వస్తున్నాయో అడగండి. బిల్లులు రెండు కంపెనీలవైనా, రెండూ విశాఖ నుంచి అవే స్తంభాల మీద వస్తుంటే మీరు కొన్నది ఒక్క దారే. శ్రీకాకుళం వాళ్ళకి ఒకటి విశాఖ వైపు నుంచి, ఇంకోటి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వైపు నుంచి దొరికితే అది నిజమైన రెండో దారి. విజయనగరం వాళ్ళు బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు ఏమైనా ఉందేమో వాకబు చేయాలి.

నంబర్ కోసం మన దేశంలో ఐఆర్ఐఎన్ఎన్‌కి దరఖాస్తు పెట్టాలి. ఇది నిక్సీ నడిపే జాతీయ రిజిస్ట్రీ, దాని పైన ఆసియా పసిఫిక్‌కి ఏపీనిక్ ఉంది. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. ఐపీవీ4లో కనీసం ఒక /24 (256 ఐపీల బ్లాక్), ఐపీవీ6లో /48 ఉండాలి. అంతకన్నా చిన్న బ్లాక్‌ని ప్రకటించినా బయట చాలా నెట్‌వర్క్‌లు తీసుకోవు.

ఏ నంబర్ ఎవరిది

మొదట్లో ఏఎస్ నంబర్ 16 బిట్ల సంఖ్య: 0 నుంచి 65535 దాకా. అవి చాలవని తేలాక 2007 మేలో ఆర్‌ఎఫ్‌సీ 4893 దాన్ని 32 బిట్లకు పెంచింది. ఇప్పుడు దాని స్థానంలో 2012 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6793 అమల్లో ఉంది. మొత్తం సంఖ్యలు దాదాపు 429 కోట్లు. ఇప్పుడు కొత్తగా దరఖాస్తు పెట్టేవారికి మామూలుగా వచ్చేది 65535 దాటిన పెద్ద నంబరే. అందుకే ఈ రాత సమస్య పాత పెద్ద కంపెనీలకంటే కొత్తగా వచ్చే చిన్నవాళ్ళకే ఎక్కువ తగులుతుంది.

కొన్ని నంబర్లు ఇంటర్నెట్‌లో ఎప్పుడూ కనిపించకూడదు. ఈ జాబితాను ప్రింట్ తీసి రాక్ తలుపుకి అంటించుకోండి:

0: ఎవరికీ కేటాయించరు, ఆర్‌ఎఫ్‌సీ 7607 దీన్ని నిషేధించింది.
23456: మారు నంబర్, దీని సంగతి కింద వివరంగా ఉంది.
64496 నుంచి 64511: పాఠాలు, పత్రాల కోసం.
64512 నుంచి 65534: ప్రైవేట్ వాడకానికి, మొత్తం 1023 నంబర్లు.
65535: రిజర్వ్.
65536 నుంచి 65551: ఇవీ పాఠాల కోసమే.
65552 నుంచి 131071: రిజర్వ్.
4200000000 నుంచి 4294967294: ప్రైవేట్ వాడకానికి, 9 కోట్ల 49 లక్షలకు పైగా.
4294967295: రిజర్వ్.

పెద్ద నంబర్లలో అసలు కేటాయింపులు 131072 దగ్గర మొదలయ్యాయి. ఆ మొదటి బ్లాక్ ఏపీనిక్‌కే వెళ్ళింది.

మూడు రాతలు, ఒకే నంబర్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 2008 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5396 మూడు రాత పద్ధతులను నిర్వచించింది.

ఏఎస్‌ప్లెయిన్: మామూలు దశాంశ సంఖ్య. 65546 అంటే 65546.

ఏఎస్‌డాట్: 65535 దాకా మామూలు సంఖ్య. అది దాటితే చుక్కతో రెండు భాగాలు. 65546ని 1.10 అని రాస్తారు. 64500 మాత్రం 64500 గానే ఉంటుంది.

ఏఎస్‌డాట్‌ప్లస్: చిన్నదైనా పెద్దదైనా అన్నిటికీ చుక్కే. 64500 ఇక్కడ 0.64500 అవుతుంది, 65546 మళ్ళీ 1.10.

చుక్కకు ముందున్నది 32 బిట్లలో పై 16 బిట్లు, తర్వాతది కింది 16 బిట్లు. లెక్క తేలిక. నంబర్‌ను 65536తో భాగించండి. భాగఫలం చుక్కకు ముందు, శేషం చుక్క తర్వాత. 131072ని భాగిస్తే 2, శేషం 0. కాబట్టి 2.0. 4200000000ని భాగిస్తే 64086, శేషం 59904. కాబట్టి 64086.59904. వెనక్కి రావాలంటే ముందు భాగాన్ని 65536తో గుణించి తర్వాతి భాగాన్ని కలపాలి: 1.10 అంటే 65536కి 10 కలిపితే 65546.

ఈ చుక్క దశాంశ బిందువు కాదు. క్రికెట్‌లో 19.5 ఓవర్లు అంటే పందొమ్మిదిన్నర ఓవర్లు కాదు, 19 ఓవర్ల మీద 5 బంతులు. అక్కడ ఆరు బంతులకు ఒక ఓవర్ నిండుతుంది, ఇక్కడ 65536కి ఒకటి నిండుతుంది. అంతే తేడా.

ఇది మర్చిపోతే ఏమవుతుంది? ఆఫీసులో అప్‌స్ట్రీమ్‌లు, పీర్ల (మనతో నేరుగా కలిసే ఇతర నెట్‌వర్క్‌ల) వివరాలు ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుంటాం కదా. సెల్‌లో 1.10 కొట్టగానే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని 1.1గా మార్చేస్తుంది. 1.1 అంటే 65537. అది వేరే ఏఎస్! ఆ షీట్ చూసి అవతలి ఇంజనీర్ 1.1 అని పెట్టుకుంటే సెషన్ ఎన్నటికీ లేవదు. ఇద్దరూ తమ షీట్ చూసి మాది కరెక్టే అంటారు. రాత్రి మెయింటెనెన్స్ టైమంతా ఈ టెన్షన్‌లోనే గడిచిపోతుంది.

నా సలహా సూటిగా చెబుతాను: ఎక్కడైనా ఏఎస్‌ప్లెయినే వాడండి. ఆర్‌ఎఫ్‌సీ 5396 సిఫారసు చేసింది కూడా దాన్నే. రౌటర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, మానిటరింగ్, వాట్సాప్ గ్రూపులో పంపే మెసేజ్, అప్‌స్ట్రీమ్‌కి రాసే మెయిల్, రాక్ మీద అంటించే స్టిక్కర్, అన్నిటా 65546. కామాలు వద్దు, చుక్కలు వద్దు. ముందు ఏఎస్ అని చేర్చాలంటే మధ్యలో ఖాళీ లేకుండా ఏఎస్65546 అని రాయండి. రిజిస్ట్రీలు కోరేది ఆ రూపమే. ఎవరైనా చుక్కతో పంపితే మీరే ప్లెయిన్‌లోకి మార్చి, ఇదేనా అని తిరిగి అడిగి, ఖాయం చేసుకున్నాకే కాన్ఫిగ్‌లో చేయి పెట్టండి.

సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్ళకి, మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకి ఇంకో మాట. డేటాబేస్‌లో ఏఎస్ నంబర్ కాలమ్‌ని మామూలు 32 బిట్ల ఇంటీజర్‌గా పెట్టకండి. అందులో గుర్తు కోసం ఒక బిట్ పోతుంది, కాబట్టి 2147483647 దాటితే తేడా వస్తుంది. కొన్ని ప్రోగ్రాముల్లో 4200000000 కాస్తా మైనస్ 94967296 అయిపోతుంది. గుర్తు లేని 32 బిట్లు గానీ, 64 బిట్ల కాలమ్ గానీ వాడండి.

23456 కనిపిస్తే కంగారు పడకండి

32 బిట్ల నంబర్లు వచ్చేసరికి ప్రపంచంలో ఉన్న పాత రౌటర్లకు 16 బిట్లే తెలుసు. వాటిని ఒక్క రోజులో మార్చలేరు. అందుకే ఒక మారు నంబర్ పెట్టారు: 23456. దీని పేరు ఏఎస్‌ట్రాన్స్.

సెషన్ మొదలయ్యేటప్పుడు రెండు రౌటర్లూ ఓపెన్ మెసేజ్ పంపుకుంటాయి. అందులో నా ఏఎస్ అనే గడి ఇప్పటికీ రెండు బైట్లే. 65546 అందులో పట్టదు. కాబట్టి మీ రౌటర్ ఆ గడిలో 23456 వేసి, అసలు నంబర్‌ను 65వ కేపబిలిటీలో (నాకు ఈ పని తెలుసు అని రౌటర్ చెప్పుకునే గడిలో) విడిగా పంపుతుంది. అవతలిది కొత్త రౌటర్ అయితే ఆ కేపబిలిటీ చదివి అసలు నంబర్‌తో నడుస్తుంది. అందుకే ప్యాకెట్ క్యాప్చర్ తీసినప్పుడు ఓపెన్‌లో 23456 కనిపించడం తప్పు కాదు, అలాగే ఉండాలి.

అవతలిది పాతది అయితే, అక్కడి ఇంజనీర్ మిమ్మల్ని 65546గా కాకుండా 23456గానే కాన్ఫిగర్ చేయాలి. వాళ్ళకి వెళ్ళే ఏఎస్ పాత్‌లో (రూట్ దాటి వచ్చిన ఏఎస్‌ల వరుసలో) పెద్ద నంబర్లు ఉన్న ప్రతిచోటా 23456 పడుతుంది. అసలు నంబర్లు ఏఎస్4_పాత్ అనే విడి యాట్రిబ్యూట్‌లో ప్రయాణిస్తాయి. దాని టైప్ 17. పాత రౌటర్‌కి అది అర్థం కాకపోయినా అలాగే ముందుకు పంపుతుంది. దారిలో మళ్ళీ కొత్త రౌటర్ తగిలినప్పుడు రెండిటినీ కలిపి అసలు పాత్‌ను తిరిగి కూరుస్తుంది. ఈ ఏర్పాటులో పాత్ పొడవు మారదు కాబట్టి దారి ఎంపికకు నష్టం లేదు.

ఇవాళ మీ పక్కనున్న అప్‌స్ట్రీమ్ దగ్గర ఇలాంటి పాత రౌటర్ ఉండే అవకాశం తక్కువ. కానీ మీ టేబుల్‌లో ఏదో రూట్‌కు మూలంగా 23456 కనిపిస్తే మాత్రం ఆ దారిలో ఎక్కడో ఏదో సరిగ్గా లేదని అర్థం. అలాంటి రూట్లను ఆపేయడమే మేలు.

రౌటర్‌లో పెట్టడం

ఒక ఉదాహరణ నెట్‌వర్క్ తీసుకుందాం. కంట్రోల్ రూమ్ శ్రీకాకుళంలో ఉంది. కస్టమర్లు ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి వైపు ఉన్నారు. మన నంబర్ 65546, మన బ్లాక్ 203.0.113.0/24. విశాఖ వైపు అప్‌స్ట్రీమ్ ఏఎస్ 64500, వాళ్ళ ఐపీ 192.0.2.1. బరంపురం వైపు అప్‌స్ట్రీమ్ ఏఎస్ 64501, వాళ్ళ ఐపీ 198.51.100.1.

నైబర్ (బీజీపీలో మనతో మాట్లాడే అవతలి రౌటర్) పెట్టకముందే బయటికి ఏం వెళ్ళాలో తేల్చుకోవాలి. ఈ వరుస తప్పితే జరిగే నష్టం మీ ఒక్కరితో ఆగదు. సిస్కో ఐఓఎస్‌లో ఏ ఫిల్టరూ పెట్టకుండా ఇద్దరు అప్‌స్ట్రీమ్‌లతో సెషన్ లేపితే, విశాఖ వైపు నుంచి నేర్చుకున్న రూట్లన్నీ బరంపురం వైపు చెప్పేస్తుంది, అటువి ఇటు చెప్పేస్తుంది. మీరు ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య దారి అయిపోతారు. 2019 జూన్ 24న అమెరికాలో జరిగింది ఇదే. పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ప్రొవైడర్ దగ్గర తయారైన రూట్లు, రెండు కనెక్షన్లున్న ఒక లోహ పరిశ్రమ మీదుగా వెరిజాన్‌కి చేరాయి. వెరిజాన్ వాటిని ఫిల్టర్ చేయకుండా ప్రపంచానికి చెప్పింది. క్లౌడ్‌ఫ్లేర్‌తో సహా పెద్ద పెద్ద సర్వీసులు గంటల తరబడి దెబ్బతిన్నాయి. రెండు కనెక్షన్లున్న చిన్న నెట్‌వర్క్ అంటే మనలాంటిదే.

అందుకని సిస్కోలో ముందుగా ఈ మూడు లైన్లు:

ఐపీ ప్రిఫిక్స్-లిస్ట్ మా-బ్లాక్ పర్మిట్ 203.0.113.0/24
ఐపీ ఏఎస్-పాత్ యాక్సెస్-లిస్ట్ 1 పర్మిట్ ^$
ఐపీ రూట్ 203.0.113.0 255.255.255.0 నల్0

మొదటిది మన బ్లాక్ తప్ప ఇంకేదీ బయటికి వెళ్ళకుండా ఆపుతుంది. రెండోది మన దగ్గరే పుట్టిన రూట్లనే అనుమతిస్తుంది: ఖాళీ పాత్ అంటే మన సొంత రూట్ అని. ఒకటి తప్పినా రెండోది కాపాడుతుంది కాబట్టి రెండూ పెట్టండి. మూడోది మన బ్లాక్‌ని నల్0 అనే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్ వైపు చూపించి టేబుల్‌లో ఉంచుతుంది. ఎందుకంటే, కింద వచ్చే నెట్‌వర్క్ లైన్‌లో రాసిన బ్లాక్ రౌటింగ్ టేబుల్‌లో సరిగ్గా అదే సైజులో ఉంటేనే బీజీపీ దాన్ని ప్రకటిస్తుంది.

ఆ తర్వాత బీజీపీ:

రౌటర్ బీజీపీ 65546
బీజీపీ రౌటర్-ఐడీ 203.0.113.1
నెట్‌వర్క్ 203.0.113.0 మాస్క్ 255.255.255.0
నైబర్ 192.0.2.1 రిమోట్-ఏఎస్ 64500
నైబర్ 192.0.2.1 డిస్క్రిప్షన్ విశాఖ-వైపు
నైబర్ 192.0.2.1 ప్రిఫిక్స్-లిస్ట్ మా-బ్లాక్ అవుట్
నైబర్ 192.0.2.1 ఫిల్టర్-లిస్ట్ 1 అవుట్

బరంపురం వైపు నైబర్‌కి చివరి నాలుగు లైన్లు మళ్ళీ రాయాలి: ఐపీ 198.51.100.1, ఏఎస్ 64501. ఫిల్టర్లు రెండూ ఎక్కేదాకా ఆ నైబర్‌ను షట్‌డౌన్‌లోనే ఉంచి, తర్వాత తీయండి. రిమోట్-ఏఎస్ దగ్గర అవతలివారి నంబర్, రౌటర్ బీజీపీ దగ్గర మన నంబర్. ఈ రెండూ తారుమారు కావడం కొత్తవాళ్ళ దగ్గర తరచూ జరుగుతుంది.

సిస్కో కొత్త ఐఓఎస్‌లలో మీరు 65546 అని కొట్టినా 1.10 అని కొట్టినా తీసుకుంటుంది. చూపించేటప్పుడు మాత్రం ఏఎస్‌ప్లెయిన్‌లో చూపిస్తుంది. పాత రౌటర్‌ని ఎవరి దగ్గరైనా సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే, బీజీపీ కింద 'బీజీపీ ఏఎస్‌నొటేషన్ డాట్' అనే లైన్ ఉందేమో చూడండి. ఉంటే ముందు 'నో' చేర్చి తీసేయండి. తీశాక 'క్లియర్ ఐపీ బీజీపీ *' కొట్టాలి, అంటే సెషన్లన్నీ ఒకసారి పడి లేస్తాయి. కాబట్టి జనం నెట్ వాడని వేళ చూసుకుని చేయండి. ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో ఇదే పనికి గ్లోబల్‌గా 'ఏఎస్-ఫార్మాట్' అనే కమాండ్ ఉంది.

ఎఫ్ఆర్ఆర్ ఉచిత సాఫ్ట్‌వేర్, ఉబుంటు మెషీన్ మీద నడుస్తుంది. కమాండ్లు దాదాపు సిస్కోలాగే ఉంటాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 ప్రకారం, పాలసీ (ఏ రూట్లు రావాలి, ఏవి వెళ్ళాలి అనే నియమం) రాయని ఈబీజీపీ నైబర్‌తో, అంటే వేరే ఏఎస్‌లోని నైబర్‌తో, ఎఫ్ఆర్ఆర్ ఒక్క రూట్ కూడా ఇచ్చిపుచ్చుకోదు. సమ్మరీలో రూట్ల సంఖ్య ఉండాల్సిన చోట పాలసీ అని కనిపిస్తుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుని ఆ రక్షణను ఆపేస్తారు. ఆపకండి. లోపలికీ బయటికీ పాలసీ రాయండి. రాత పద్ధతి మార్చే ఆప్షన్ ఇందులోనూ ఉంది, డిఫాల్ట్ ప్లెయిన్. దాన్ని కదపక్కర్లేదు.

జునిపర్‌లో 'సెట్ రౌటింగ్-ఆప్షన్స్ అటానమస్-సిస్టమ్ 65546' అని ఇస్తే చాలు. దాని చివర ఏఎస్‌డాట్-నొటేషన్ చేర్చితే చుక్కతో చూపిస్తుంది. చేర్చకండి.

మన వైపు చిన్న ఆపరేటర్ల దగ్గర మైక్రోటిక్ బాగా కనిపిస్తుంది. దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 6 నుంచి 7కి వచ్చేసరికి బీజీపీ మెనూలు పూర్తిగా మారిపోయాయి. పాత ఎక్స్‌పోర్ట్‌ని కొత్తదానిలో అతికిస్తే కుదరదు. 7లో కనెక్షన్ అనే చోట అవతలి ఐపీ, అవతలి ఏఎస్, లోకల్ రోల్ ఈబీజీపీ అని ఇవ్వాలి. అవుట్‌పుట్ ఫిల్టర్ చైన్ పేరు ఇచ్చాక, ఆ చైన్‌లో యాక్సెప్ట్ అని మీరు రాసినవే బయటికి వెళ్తాయి, మిగతావన్నీ ఆగిపోతాయి. చైన్ పేరే ఇవ్వకపోతే మాత్రం ఆ ఆపడం ఉండదు. కాబట్టి పేరు ఇచ్చారో లేదో రెండుసార్లు చూసుకోండి.

పాత్ ఫిల్టర్లలో చుక్క తెచ్చే ముప్పు

సిస్కో, ఎఫ్ఆర్ఆర్‌లలో ఏఎస్ పాత్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (అక్షరాల నమూనాలతో) పోలుస్తాం. అక్కడ చుక్కకు ఏదైనా ఒక అక్షరం అని అర్థం. మీ రౌటర్ ఏఎస్‌డాట్‌లో ఉండి, మీరు ^1.10$ అని రాస్తే అది 1.10కే కాదు, 1510 అనే వేరే నెట్‌వర్క్‌కీ సరిపోతుంది. సరిగ్గా రాయాలంటే ^1\.10$ అని చుక్కకు ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. ఇంకో ముప్పు ఉంది: పోలిక జరిగేది రౌటర్ ఏ పద్ధతిలో చూపిస్తుందో ఆ పద్ధతిలోనే. డాట్ మోడ్‌లో ఉన్న రౌటర్‌లో ^65546$ రాస్తే ఏమీ సరిపోదు. ఎర్రర్ కూడా రాదు. ఫిల్టర్ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చేయదు. ప్లెయిన్‌లో ఉంటే ఈ రెండు బాధలూ లేవు. జునిపర్‌లో మొత్తం ఏఎస్ నంబరే ఒక యూనిట్ కాబట్టి అక్కడి నియమాలు వేరు, సిస్కో ఫిల్టర్ని అక్కడికి కాపీ చేయకండి.

లోపలికి వచ్చే రూట్లలో పై జాబితాలోని నిషిద్ధ నంబర్లున్న వాటిని ఆపడానికి ఈ నమూనాలను డినై కింద పెట్టండి:

_0_
_23456_
_(6449[6-9]|6450[0-9]|6451[01])_
_(6451[2-9]|645[2-9][0-9]|64[6-9][0-9][0-9]|65[0-4][0-9][0-9]|655[0-2][0-9]|6553[0-5])_
_(6553[6-9]|655[4-9][0-9]|65[6-9][0-9][0-9]|6[6-9][0-9][0-9][0-9]|[7-9][0-9][0-9][0-9][0-9]|1[0-2][0-9][0-9][0-9][0-9]|130[0-9][0-9][0-9]|1310[0-6][0-9]|13107[01])_
_42[0-9][0-9][0-9][0-9][0-9][0-9][0-9][0-9]_

చివరిది ప్లెయిన్ రాత వల్ల దొరికిన వెసులుబాటు. 42తో మొదలయ్యే పది అంకెల ఏఎస్ నంబర్లన్నీ ప్రైవేట్ లేదా రిజర్వ్, కాబట్టి ఒక్క లైన్‌తో సరిపోయింది. లిస్ట్ చివర అన్నిటినీ అనుమతించే లైన్ మర్చిపోతే ఒక్క రూటూ రాదు. ఈ నమూనాలను ల్యాబ్‌లో ఉదాహరణ నంబర్లతో పరీక్షిస్తే మీ ల్యాబ్ రూట్లే ఆగిపోతాయి, అది సరైన ప్రవర్తనే.

కమ్యూనిటీలు

కమ్యూనిటీ అంటే రూట్‌కి అంటించే గుర్తు సంఖ్య. పాత కమ్యూనిటీలో రెండు భాగాలు, చెరో 16 బిట్లు. 64500:100 పడుతుంది, 65546:100 పట్టదు. అందుకే 2017 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8092 లార్జ్ కమ్యూనిటీలను తెచ్చింది. మూడు భాగాలు, ఒక్కోటి 32 బిట్లు: 65546:1:100. మొదటి భాగం మన ఏఎస్, మిగతా రెండిటి అర్థం మనం నిర్ణయించుకోవచ్చు. ఉదాహరణకి రెండో భాగంలో 1 అంటే రూట్ నేర్చుకున్న ఊరు, మూడో భాగంలో ఆ ఊరి కోడ్. పెద్ద నంబర్ రాగానే కొందరు పాత కమ్యూనిటీలో ఏదో ప్రైవేట్ నంబర్ పెట్టి సర్దుకుంటారు. కొత్తగా మొదలుపెడుతున్నవారికి ఆ అవసరం లేదు, మొదటి రోజు నుంచే లార్జ్ వాడండి.

ప్రైవేట్ నంబర్ నుంచి సొంత నంబర్‌కి

ఇంతకుముందే 64512 లాంటి ప్రైవేట్ నంబర్‌తో ఒక అప్‌స్ట్రీమ్‌కి బీజీపీ నడుపుతున్నారనుకోండి. ఇప్పుడు 65546 వచ్చింది. అవతలివాళ్ళు మార్చే రోజు దాకా ఆగకుండా, మీ వైపు రౌటర్ బీజీపీ 65546 పెట్టి, ఆ ఒక్క నైబర్‌కి 'లోకల్-ఏఎస్ 64512 నో-ప్రిపెండ్ రీప్లేస్-ఏఎస్ డ్యుయల్-ఏఎస్' అని ఇవ్వండి. వాళ్ళకి పాత నంబర్‌లాగే కనిపిస్తారు. వాళ్ళు వాళ్ళ వైపు కొత్త నంబర్ పెట్టిన క్షణం నుంచి దానితోనే సెషన్ లేస్తుంది. ఆ తర్వాత ఈ లైన్ తీసేయండి, అలా వదిలేస్తే ఏడాది తర్వాత చూసేవారికి అర్థం కాదు.

మీ కింద ప్రైవేట్ నంబర్‌తో కనెక్ట్ అయిన కస్టమర్, ఒక కాలేజీయో ఫ్యాక్టరీయో ఉంటే, వాళ్ళ బ్లాక్‌ని ప్రిఫిక్స్-లిస్ట్‌లో, వాళ్ళ పాత్‌ని ఫిల్టర్-లిస్ట్‌లో చేర్చాలి. దాంతోపాటు అప్‌స్ట్రీమ్ నైబర్ల మీద 'రిమూవ్-ప్రైవేట్-ఏఎస్' పెట్టాలి.

రిజిస్ట్రీలో, ఆర్‌ఓఏలో నమోదు

కాన్ఫిగ్ ఎంత సరిగ్గా ఉన్నా, ఈ నమోదు లేకపోతే చాలా నెట్‌వర్క్‌లు మీ రూట్‌ను తీసుకోవు. రౌటింగ్ రిజిస్ట్రీలో మీ ఏఎస్‌కి ఆట్-నమ్ ఆబ్జెక్ట్ (ఏఎస్ వివరాల నమోదు), మీ బ్లాక్‌కి రూట్ ఆబ్జెక్ట్ (ఆ బ్లాక్‌ను ఏ ఏఎస్ ప్రకటిస్తుందో చెప్పే నమోదు) ఉండాలి. రూట్ ఆబ్జెక్ట్‌లో ఆరిజిన్ దగ్గర ఏఎస్65546 అని ప్లెయిన్‌లో రాయాలి.

ఆర్‌ఓఏ అంటే ఈ బ్లాక్‌ను ఈ ఏఎస్ మాత్రమే ప్రకటించవచ్చని డిజిటల్ సంతకంతో చెప్పే పత్రం. ఇందులో మూడు గడులు: బ్లాక్, గరిష్ఠ పొడవు, ఏఎస్ నంబర్. నంబర్‌లో ఒక్క అంకె తప్పినా మీ రూట్ చెల్లనిదిగా తేలుతుంది. ఆర్‌ఓఏ లేకపోవడం కంటే తప్పు ఆర్‌ఓఏ ప్రమాదకరం, ఎందుకంటే తనిఖీ చేసే నెట్‌వర్క్‌లన్నీ దాన్ని చూసి మిమ్మల్ని పక్కన పెడతాయి. గరిష్ఠ పొడవును మీరు నిజంగా ప్రకటించే సైజుకు మించి ఇవ్వకండి. /24 ప్రకటిస్తే /24 అనే పెట్టండి. రెండు అప్‌స్ట్రీమ్‌లున్నా ఆర్‌ఓఏ ఒక్కటే, ఎందుకంటే మూలం మీ ఏఎస్సే. కానీ అదే బ్లాక్‌ని ఇంతకుముందు అప్‌స్ట్రీమ్ వాళ్ళ నంబర్‌తో ప్రకటించి ఉంటే, మారే రోజుల్లో రెండు నంబర్లకూ ఆర్‌ఓఏలు ఉంచి, మార్పు పూర్తయ్యాక పాతది తీసేయాలి.

పరీక్ష

సెషన్ లేచిందో లేదో 'షో ఐపీ బీజీపీ సమ్మరీ'లో చూడండి. స్థితి గడిలో సంఖ్య కనిపిస్తే లేచినట్టు. యాక్టివ్ అని ఉంటే పని చేస్తోందని కాదు, ఇంకా ప్రయత్నిస్తోందని. లాగ్‌లో 2/2 అనే నోటిఫికేషన్ వస్తే అవతలి ఏఎస్ నంబర్ సరిపోలడం లేదని అర్థం. వెంటనే రెండు వైపులా నంబర్‌ను ప్లెయిన్‌లో అంకె అంకె చదివి సరిచూసుకోండి. లాగ్‌లో హెక్స్ కనిపిస్తే 65546 అక్కడ 0001 000ఏ గా ఉంటుంది. అవతలివాళ్ళు 1.1 పెట్టి ఉంటే చివర 0001 వస్తుంది.

తర్వాత 'షో ఐపీ బీజీపీ నైబర్స్ 192.0.2.1'లో నాలుగు బైట్ల ఏఎస్ కేపబిలిటీ ఇటు నుంచి వెళ్ళిందని, అటు నుంచి వచ్చిందని రెండూ ఉండాలి. ఆపైన అదే కమాండ్ చివర 'అడ్వర్టైజ్డ్-రూట్స్' చేర్చి చూడండి. మన /24 ఒక్కటే కనిపించాలి. ఇంకేదైనా కనిపిస్తే ఆ నైబర్‌ను వెంటనే షట్‌డౌన్ చేసి ఫిల్టర్ సరిచేయండి.

బయటి నుంచి కూడా చూడాలి. హరికేన్ ఎలక్ట్రిక్ వారి బీజీపీ టూల్‌కిట్‌లో గానీ రైప్‌స్టాట్‌లో గానీ మీ బ్లాక్ కొడితే మూలం ఎవరో, ఏ అప్‌స్ట్రీమ్‌ల మీదుగా కనిపిస్తున్నారో, ఆర్‌ఓఏ చెల్లుతోందో లేదో తెలుస్తుంది. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌లూ అక్కడ కనిపించాలి. ఒక్కరే కనిపిస్తే రెండోవారు తమ ఫిల్టర్లలో మిమ్మల్ని ఇంకా చేర్చలేదేమో ఫోన్ చేసి అడగండి.

ఇక అసలు పరీక్ష. కస్టమర్లకు ముందే చెప్పి, విశాఖ వైపు నైబర్‌ను షట్‌డౌన్ చేయండి. నరసన్నపేటలో ఒకరు, టెక్కలిలో ఒకరు పింగ్ నడుపుతూ ఉండాలి. కొన్ని ప్యాకెట్లు పోయి మళ్ళీ అందుకోవాలి. తర్వాత దాన్ని లేపి, బరంపురం వైపు షట్‌డౌన్ చేసి మళ్ళీ చూడండి. ఆపైన ఒక వైపు ఫైబర్‌ను చేత్తో పోర్ట్ నుంచి తీసి చూడండి, ఎందుకంటే లైట్ పోయినప్పుడు జరిగేదానికీ కమాండ్‌తో ఆపినప్పుడు జరిగేదానికీ పట్టే సమయం వేరు. మధ్యలో స్విచ్ ఉంటే పోర్ట్ కింద పడదు, సిస్కో డిఫాల్ట్ హోల్డ్ టైమర్ 180 సెకన్లు అయిపోయేదాకా రౌటర్‌కి విషయం తెలియదు. అలాంటిచోట రెండు వైపులా ఒప్పుకుని బీఎఫ్‌డీ (దారి తెగితే వెంటనే పసిగట్టే ప్రోటోకాల్) పెట్టుకోండి. ఈ పరీక్షలన్నీ అక్టోబర్ తుపాన్ల కాలానికి ముందే, ఏటా ఒకసారి చేయాలి.